రాష్ట్ర సూక్ష్మజీవికి వడదెబ్బ

ఆ ఎనభై ఎనిమిది అంకె వేసింది నేనే. ఇందులో నాకు దాపరికం లేదు, విచారణలోనూ ఇదే చెప్పాను. ఫారంలో "ప్రాణి ఉన్నచోట ఉష్ణోగ్రత ఎంత" అని అడిగారు. థర్మామీటరు ముంచి చూశాను, ఎనభై ఎనిమిది చూపించింది, వేశాను. నిజమాడితే నిష్ఠూరమని పెద్దలు ఊరికే అనలేదు. అటవీశాఖలో నాది ఇరవై రెండేళ్ళ గుమాస్తాగిరీ. ఇన్నేళ్ళలో ఫారాల్లో రెండుసార్లు నిజం రాశాను. రెండుసార్లూ మెమో వచ్చింది. మొదటిది జింకల లెక్క, అది వేరే కథ. రెండోది ఇది.

మా రేంజి ఆఫీసుకు పదకొండు కిలోమీటర్ల దూరంలో, అడవి లోపల, ఉడుకుబుగ్గ అనే గూడెం ఉంది. అక్కడ నేలలోంచి సలసల కాగే నీళ్ళు ఉబికి వస్తాయి. ఎప్పటినుంచి అని అడిగితే గూడెంలో ఎవరూ చెప్పలేరు. నీళ్ళు పైకొచ్చే చోట రాళ్ళకు ఎర్రటి పాచి పట్టి ఉంటుంది. కాస్త ఇవతల పసుపు పాచి, ఇంకా దిగువన నీళ్ళు పారి చల్లబడే చోట పచ్చ పాచి.

ఆ బుగ్గ ఒడ్డున ఇర్పా కన్నమ్మకు ఒక కొట్టు ఉంది. కొట్టంటే నాలుగు గుంజలు, తాటాకు కప్పు, ఒక బల్ల. పొయ్యి లేదు, కట్టె లేదు. వెదురుబుట్టలో గుడ్లో కందగడ్డలో వేసి తాడుతో బుగ్గలోకి దించుతుంది. సంతకు వెళ్ళేవాళ్ళు, వెదురు లారీల డ్రైవర్లు, మాలాంటి అడవి సిబ్బంది అక్కడ ఆగి తినిపోతారు. మొగుడు పోయాక పద్నాలుగేళ్ళుగా ఆమె ఇల్లు ఆ బుట్ట మీదే గడుస్తోంది.

"ఎర్ర పాచి కాడ గుడ్డు ఇరవై నిమిషాలు, గడ్డ గంట. పసుపు పాచి కాడ సగమే ఉడుకుతది. పచ్చ పాచి కాడ నొప్పుల మోకాళ్ళు పెట్టుకోవచ్చు సారూ," అనేది. ఆమెకు థర్మామీటరు అక్కర్లేదు, పాచి రంగు చాలు.

అడవిలో ఒక్క పుల్ల విరవకుండా బతుకుతోందని మా శాఖే ఆమెకు "అడవి మిత్ర" అనే ప్రశంసాపత్రం ఇచ్చింది. దాని మీద డివిజనల్ అధికారి విశ్వంభరరావు గారి సంతకం ఉంది. కన్నమ్మ దాన్ని అద్దం కట్టించి గుంజకు తగిలించింది. అంతవరకూ అందరం సుఖంగానే ఉన్నాం.

అప్పుడు పట్నం నుంచి డాక్టర్ వకుళ అనే శాస్త్రవేత్త వచ్చారు. గుడ్డు తిన్నారు, బాగుందన్నారు, చెంచాతో కొంచెం ఎర్ర పాచి సీసాలో వేసుకుని వెళ్ళారు. ఆరు నెలల తర్వాత పేపర్లో పడింది. ఆ పాచిలో ప్రపంచంలో ఇంకెక్కడా లేని సూక్ష్మజీవి ఉందట. మనం చెయ్యి పెడితే తోలు ఊడే వేడిలో అది హాయిగా పిల్లాపాపలతో ఉంటుందట. డెబ్బైకి తగ్గితే నలతగా ఉంటుందట, అరవైకి తగ్గితే ప్రాణం మీదికి వస్తుందట. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

మన రాష్ట్రానికి పక్షి ఉంది, జంతువు ఉంది, చెట్టు, పువ్వు, పండు, చేప ఉన్నాయి. సూక్ష్మజీవి ఒక్కటే లోటు. పక్క రాష్ట్రం వాళ్ళు కూడా ఒకదాన్ని వెతుకుతున్నారని ఎవరో అన్నారు. అంతే, రాత్రికి రాత్రి జీవో వచ్చింది. మా బుగ్గలో పాచి రాష్ట్ర సూక్ష్మజీవి అయి కూర్చుంది. ఫైళ్ళలో క్లుప్తంగా "రా.సూ.జీ." అని రాయాలన్నారు. ఫ్లెక్సీలు వేయించారు. కంటికి కనపడనిదాన్ని జనానికి ఎలా చూపించాలో తెలియక ఫ్లెక్సీ ఆర్టిస్టు దానికి రెండు కళ్ళు, ఒక నవ్వు, తలపాగా పెట్టాడు. చూసినవాళ్ళు ఇది ఏ పార్టీ అని అడిగారు.

రాష్ట్ర ప్రాణి అయితే సంరక్షిత ప్రాణే. సంరక్షిత ప్రాణి అయితే ఫారాలన్నీ దానికీ వర్తిస్తాయి. ఏప్రిల్‌లో వేసవి ఉపశమన ఫారం వచ్చింది. పరిధిలోని సంరక్షిత ప్రాణి పేరు, ఉన్నచోట ఉష్ణోగ్రత, అది నలభై దాటితే తీసుకున్న చర్యలు. నేను ఎనభై ఎనిమిది అని వేసి, చర్యల గడిలో "అవసరం లేదు" అని రాశాను. కంప్యూటరు తెర ఎర్రగా అయిపోయింది. అలా ఎర్రబడటం నేను అంతకుముందు చూడలేదు. మా తెరే కాదు, రాజధానిలో పెద్ద తెర మీద మన జిల్లా మొత్తం ఎర్రబడిందని తర్వాత తెలిసింది.

పావుగంటలో విశ్వంభరరావు గారు ఫోన్ చేశారు.

"ఏమయ్యా పరాంకుశం, రాష్ట్ర సూక్ష్మజీవి ఎనభై ఎనిమిది డిగ్రీల తాపానికి లోనై అలమటిస్తుంటే, నువ్వు ఫ్యాను కింద కూర్చుని చర్యలు అవసరం లేదని నివేదిస్తావా?"

"అది ఎండ కాదండీ. నీళ్ళ వేడి. ఆ జీవి పుట్టిందే అందులో."

"పుట్టినచోటనే కష్టపడవలెనని ఏ జీవోలో ఉన్నది?"

ఏ జీవోలోనూ లేదు. ఒప్పుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఆయన జీపులో దిగారు. బుగ్గ చుట్టూ మూడుసార్లు తిరిగారు. మనిషి చెడ్డవాడు కాదు, అది చెప్పాలి. ఏనుగు పిల్ల గోతిలో పడితే తెల్లవార్లూ అక్కడే నిలబడ్డ మనిషి. ఆవిరికి కళ్ళజోడు మసకబారితే తుడుచుకుంటూ, "పాపం, నోరు లేని జీవులు," అన్నారు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారు, అదే వచ్చిన చిక్కు.

మొదట నీడ. బుగ్గ మీద పచ్చటి వల పందిరి వేయించారు. తర్వాత చలివేంద్రం. బుగ్గ ఒడ్డున ఇసుక పోసి నాలుగు కొత్త కుండలు పెట్టి, "రాష్ట్ర సూక్ష్మజీవుల దాహార్తి నిమిత్తం" అని బోర్డు రాయించారు. రిబ్బను కత్తిరించి, మొదటి చెంబు మజ్జిగ ఆయనే స్వహస్తాలతో బుగ్గలో పోశారు. మజ్జిగ విరిగిపోయి తెల్లగా తేలింది. అందరం చప్పట్లు కొట్టాం.

వడదెబ్బ నివారణకు ఉప్పూ పంచదారా కలిసిన పొట్లాలు మనిషికి ఒకటి చొప్పున పంచాలని నిబంధన ఉంది. మనిషి అన్నచోట ప్రాణి అని చదువుకోవాలన్నారు. ఎన్ని ప్రాణులని డాక్టర్ వకుళ గారిని అడిగితే ఒక్క చెంచాలోనే కొన్ని వందల కోట్లు ఉంటాయన్నారు. నేను వెనకా ముందూ చూసుకుని బుగ్గలో ఉన్న చెంచాలు లెక్కకట్టి ఇండెంటు పంపాను. ఆస్పత్రి నుంచి జవాబు వచ్చింది. "మీరు కోరిన పదహారు అంకెల సంఖ్యలో పొట్లాలు ప్రస్తుతం నిల్వ లేవు. మూడు వందల నలభై ఉన్నవి. దయచేసి సర్దుకొనగలరు." సర్దుకున్నాం.

ఇంతలో విశ్వంభరరావు గారి కన్ను బుట్ట మీద పడింది.

"ఏమిటది?"

"గుడ్లు సారూ. తింటరా?" అంది కన్నమ్మ.

"రాష్ట్ర సూక్ష్మజీవి ఆవాసమందు వంట చేయుచున్నావా?"

"పద్నాలుగేండ్ల సంది చేస్తున్న. మీరే కాగితం ఇచ్చిన్రు గద." గుంజ వైపు చూపించింది.

ఆయన తన సంతకాన్ని తాను చదువుకున్నారు. "అది కట్టెలు వాడనందుకు ఇచ్చినది. ఇది నీళ్ళు వాడుతున్నందుకు ఇచ్చునది," అని ఖాళీ చేయమనే నోటీసు నా చేతికిచ్చారు. గుంజకు వేరే చోటు లేక నేను దాన్ని ఆ అద్దం మీదే అంటించాను. నాకు సిగ్గేసింది. ఆమె గుడ్లు నేను వారానికి నాలుగైనా తిని ఉంటాను.

కన్నమ్మ తిట్టలేదు, తిడితే బాగుండేది. "నన్ను పొమ్మంటే పోత గానీ సారూ, దాన్ని సల్లగ చెయ్యకుండ్రి. ఉడుకే దానికి ఇల్లు. సల్లవడితే సస్తది," అంది.

"నీ విద్యార్హత ఏమిటమ్మా?" అని అడిగారు విశ్వంభరరావు గారు, మర్యాదగానే.

విద్యార్హత ఉన్న డాక్టర్ వకుళ గారు కూడా ఇదే మాట నాలుగు పేజీల్లో ఉత్తరం రాశారు. దానికి జవాబు తయారుచేసింది నేనే కాబట్టి నాకు కంఠతా వచ్చు. "వేసవి ఉపశమన ప్రణాళికలో, ఉష్ణమును ఇష్టపడు ప్రాణులకు మినహాయింపు కల్పించబడలేదు. మినహాయింపు కోరు ప్రాణులు మార్చి ముప్పై ఒకటవ తేదీలోగా తగిన మార్గము ద్వారా దరఖాస్తు చేసికొనవలసి యుండెను. గడువు ముగిసినందున చింతించుచున్నాము."

పందిరికీ మజ్జిగకూ బుగ్గ లొంగలేదు. మర్నాడు ఎనభై ఎనిమిది, ఆ మర్నాడూ ఎనభై ఎనిమిది. తెర ఎర్రగానే ఉంది. రాజధాని నుంచి గంటకోసారి ఫోను. చేపల మార్కెట్టు నుంచి రెండు లారీల ఐసు తెప్పించారు. దిమ్మలు బుగ్గలో పడేస్తే పెద్ద శబ్దంతో పగిలి, పది నిమిషాల్లో ఆనవాలు లేకుండా పోయాయి. డెబ్బై తొమ్మిది. గంట తర్వాత మళ్ళీ ఎనభై ఎనిమిది. దిమ్మలతో వచ్చిన చిన్న చేప ఒకటి ఉడికి పైకి తేలింది. దాని మృతికి వేరే ఫారం నింపాల్సి వచ్చింది.

చివరికి విశ్వంభరరావు గారికి వాగు గుర్తొచ్చింది. అరకిలోమీటరు పైన కొండవాగు పారుతోంది, ఎండాకాలంలో కూడా నీళ్ళుంటాయి. నాలుగు రోజుల్లో కాలువ తవ్వించి వాగును తెచ్చి బుగ్గలో కలిపారు. నేను పూటకోసారి థర్మామీటరు ముంచాను. డెబ్బై ఒకటి. యాభై ఎనిమిది. నలభై మూడు. ఆరో రోజు ముప్పై ఎనిమిది.

ముప్పై ఎనిమిది వేయగానే తెర ఆకుపచ్చగా అయింది. ఆఫీసులో స్వీట్లు పంచారు. విశ్వంభరరావు గారి కళ్ళు చెమర్చాయి. "ఇప్పుడు హాయిగా ఊపిరి పీల్చుకుంటున్నవి," అన్నారు.

వారం తిరిగేసరికి ఎర్ర పాచి తెల్లబడింది. తర్వాత పీచుపీచుగా ఊడి కాలువ వెంట కొట్టుకుపోయింది. రాళ్ళు బోసిగా మిగిలాయి. విశ్వంభరరావు గారు చూసి సంతోషించారు. "పాచి వదిలినది. పరిశుభ్రత కూడా సాధించితిమి," అని ఆ విభాగంలో కూడా అవార్డుకు పేరు పంపమన్నారు. పంపాను.

కన్నమ్మ కొట్టు గూడెం మొదట్లోకి మారింది. మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వేసింది. పొయ్యికి కట్టె కావాలి గదా, అడవిలో ఎండుపుల్లలు ఏరుకొస్తుంటే మా బీటు సిబ్బందే పట్టుకుని ఆఫీసుకు తెచ్చారు. అడవి మిత్ర కట్టెల మోపుతో మా వరండాలో కూర్చుంది. నేను ఆ మోపు చూడలేక లోపలికి వెళ్ళాను.

సరిగ్గా ఆ రోజే డాక్టర్ వకుళ గారు వచ్చారు. బుగ్గ నీళ్ళు, రాళ్ళ గీకుడు సీసాల్లో పట్టుకుని, వెంట తెచ్చిన పరికరంలో గంటసేపు చూశారు. తల ఎత్తకుండానే, "చచ్చిపోయింది," అన్నారు. "ఒక్కటి కూడా లేదు. ఐదేళ్ళు వెతికితే దొరికిందండీ ఇది."

ఇక చూడాలి హడావుడి. రాష్ట్ర ప్రాణి విధి నిర్వహణలో ఉండగా మరణించింది. పశువుల డాక్టరు పోస్టుమార్టం చేసి, అవయవాలేవీ కనపడనందున అవయవాలకు దెబ్బలు లేవని రాశారు. సాయంత్రంలోగా పంచనామా కూడా జరిగింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే, కాకపోతే మా విషయంలో చేతులు కాలడం కాదు, చల్లబడటం. ఆఖరికి మరణ నివేదిక కంప్యూటర్లో ఎక్కించాలి. ఎక్కించేది మళ్ళీ నేనే.

మరణ కారణం అనే గడిలో నాలుగే ఉన్నాయి. వేట, రోడ్డు ప్రమాదం, వృద్ధాప్యం, వడదెబ్బ. ఒకటి ఎంచుకోవాలి, సొంతంగా రాయడానికి వీల్లేదు. చలి అనేది అందులో లేదు. మా జిల్లాలో చలికి చచ్చిన ప్రాణి ఇంతవరకూ లేదు కాబట్టి పెట్టలేదట.

విశ్వంభరరావు గారు నా కుర్చీ వెనక నిలబడ్డారు.

"ఏది నొక్కవలెనో నేను చెప్పను. వేట అయినచో తప్పు బయటివారిది. ఆవాసంలో బుట్టలు దించినవారు ఎవరో రికార్డులో ఉన్నది. వడదెబ్బ అయినచో తప్పు మనది. ఆలోచించుకొనుము." తర్వాత మామూలు గొంతుతో, "నాకు రిటైర్మెంటుకు పది నెలలే ఉందయ్యా పరాంకుశం," అన్నారు.

కిటికీలోంచి వరండా కనిపిస్తోంది. కన్నమ్మ మోపు పక్కన కూర్చుని, తన మీద ఏం రాస్తున్నారో తెలియక, జవానును మంచినీళ్ళు అడుగుతోంది. వేట అని నొక్కితే ఆమెకు ఏడేళ్ళు. సంరక్షిత ప్రాణి గదా, బెయిలు కూడా రాదు.

నేను వడదెబ్బ నొక్కాను.

నొక్కాక విశ్వంభరరావు గారు నివేదిక ప్రింటు తీయించారు. తర్వాత సంతకం చేశారు. ముప్పై ఎనిమిది డిగ్రీల చల్లని నీళ్ళలో, పందిరి నీడలో, పక్కన చలివేంద్రం ఉండగా, రాష్ట్ర సూక్ష్మజీవి వడదెబ్బతో మరణించినట్టు ధ్రువీకరించారు. మోపు సంగతి ఎవరికీ గుర్తులేకపోవడంతో కన్నమ్మ ఇంటికి వెళ్ళింది. తగినంతగా చల్లబరచనందుకు నాకు మెమో వచ్చింది. సర్వీసులో మొదటిసారి ఎవరూ చెప్పకుండా నా అంతట నేను అబద్ధం రాశాను, దానికీ మెమోనే.

సంతాపసభ జరిగింది. రెండు నిమిషాలు మౌనం పాటించాం. మృతి కారణంగా దాని పేరు జాబితాలోంచి తీసేస్తూ జీవో వచ్చింది. సంరక్షిత ప్రాణి లేదు కాబట్టి ఉడుకుబుగ్గ సంరక్షిత ఆవాసం కాకుండా పోయింది. ఆ లెక్కన కన్నమ్మ నోటీసు కూడా చెల్లదు. ఈ సంగతి పై అధికారులెవరికీ తట్టలేదు. నేనే సైకిల్ మీద వెళ్ళి ఆమెకు చెప్పాను.

"బుగ్గ సల్లవడ్డంక నేను పోయి ఏం ఉడకేస్త సారూ," అంది.

జూలైలో వానలు పడ్డాయి. వాగు పొంగి కాలువను మట్టితో రాళ్ళతో పూడ్చేసింది. దాన్ని మళ్ళీ తవ్వడానికి ఫారం ఏదీ లేదు. నెల తిరిగేసరికి బుగ్గ తన వేడి తాను తెచ్చుకుంది. దసరా ముందు కన్నమ్మ కబురంపింది. వెళ్ళి చూస్తే, నీళ్ళు పైకొచ్చే చోట రాతి పగుళ్ళలో గోరంత ఎరుపు. దీపావళికి అరచేయంత. సంక్రాంతి దాటేసరికి రాళ్ళన్నీ ఎర్రబడ్డాయి. భూమి లోపల ఇంకా ఎంత ఉందో, దాని దాకా మా చలివేంద్రం చేరలేదు. కన్నమ్మ కొట్టు మళ్ళీ వెలిసింది. మా పచ్చ వల దానికి కప్పు అయింది, నాలుగు కుండలు మంచినీళ్ళకు పనికొచ్చాయి.

రిటైర్మెంటుకు ముందు చివరి తనిఖీలో విశ్వంభరరావు గారు అక్కడ జీపు ఆపించారు. ఎర్ర పాచి దగ్గరికి వెళ్ళి వంగి చూశారు.

"ఏమిటిది?"

"పాచి అండి."

"ఏ పాచి?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "రికార్డు ప్రకారము ఆ ప్రాణి మరణించినది. మరణించిన ప్రాణి తిరిగి విధులలో చేరుటకు నిబంధనలలో అవకాశము లేదు. కావున ఇది అది కాదు."

"కాదండి."

"గుడ్లున్నాయా?" అని కన్నమ్మను అడిగి, రెండు తిని వెళ్ళారు.

మార్చిలో డాక్టర్ వకుళ గారికి ఎలా తెలిసిందో తెలిసింది. వచ్చి, సీసా నింపి, పరికరంలో చూసి, అక్కడే రాతి మీద కూలబడి ఏడ్చారు. "అదే. అచ్చంగా అదేనండీ." సంచిలోంచి కాగితం తీసి మోకాలి మీద పెట్టుకుని రాయడం మొదలుపెట్టారు. ప్రభుత్వానికి ఉత్తరం. రాష్ట్ర సూక్ష్మజీవి బతికే ఉందని తెలియజేయుటకు సంతోషించుచున్నాను అని.

ఇరవై రెండేళ్ళ గుమాస్తాను, ఒక శాస్త్రవేత్తను నిజం రాయవద్దని ఏ మొహంతో అడగను. కన్నమ్మే తాడు లాగి బుట్ట పైకి తీస్తూ, అటు తిరక్కుండానే అంది.

"అమ్మా, అది బతికున్నదని చెప్తే మళ్ళ సంపుతరు."

డాక్టర్ వకుళ గారి కలం ఆగింది. కాసేపు బుగ్గ వైపు చూశారు. సీసా మూత తీసి, పట్టిన నీళ్ళు మళ్ళీ బుగ్గలోనే పోసేశారు. ఉత్తరం రాసిన కాగితాన్ని నాలుగు ముక్కలు చేస్తే కన్నమ్మ ఆ ముక్కల్లో ఉప్పూ కారం వేసి, తలో గుడ్డూ ఇచ్చింది.

సాయంత్రం ఆఫీసుకు వెళ్ళేసరికి ఈ ఏటి వేసవి ఫారం వచ్చి ఉంది. సంరక్షిత ప్రాణులు అన్నచోట "లేవు" అని వేశాను. ఉష్ణోగ్రత అన్నచోట "వర్తించదు" అని వేశాను. తెర ఆకుపచ్చగా వెలిగింది.